రంగుల చాటున సీసము



మన యిండ్లలో శుభమునకు రంగు కావలయును. గడపకు పసుపు, నుదుట కుంకుమ, వాకిట రంగుల ముగ్గు, ఊయలలోని పాపకు ఎఱ్ఱని గిలక, పెండ్లి వచ్చినచో తలుపులకు క్రొత్త వన్నె. రంగు లేని ఇల్లు మనకు బోసిగా దోచును. ఇట్టి రంగులలో కొన్నింటి చాటున ఒక లోహము దాగియుండి బిడ్డల నెత్తురులో చేరుచున్నదనిన వినుటకే కష్టముగా నుండును. అయినను వైద్యులును రసాయనశాస్త్రజ్ఞులును ఋజువు పఱచిన మాట యిది. ఆ లోహమే సీసము.

సీసమనగనే చదువుకొన్న సోదరీమణులకు శ్రీనాథుని సీసపద్యములు జ్ఞప్తికి వచ్చును. ఆ సీసము చెవికి అమృతము. ఈ సీసము దేహమునకు విషము. పేరొకటియే గాని ఈ రెంటికిని పొత్తు లేదు. ఇది బియ్యములో రాయివలె పంటికి తగులదు; చెడిన పాలవలె ముక్కునకు పట్టువడదు. కంటికి ఇంపుగా నుండి మోసగించును. కావున దీని నడకలను ఇల్లాలు ఎఱిగియుండుట అవసరము. పసుపు కుంకుమలను మానుకొనుడని చెప్పుటకు నేనీ వ్యాసము వ్రాయలేదు. మంచి పసుపును, మంచి కుంకుమను ఎన్నుకొనుడని చెప్పుటకే వ్రాయుచున్నాను.

సీసము స్వభావము

సీసము మెత్తని లోహము, మిక్కిలి బరువైనది. 327 డిగ్రీల వేడిమికే కరగిపోవును. ఇంత సుళువుగా కరగుటచేతనే దీనిని మనుష్యులు ప్రాచీనకాలమునుండి వాడుచుండిరి. మన వైద్యగ్రంథములలో దీనికి నాగమని పేరు.

లోహముగా నున్నప్పటి సీసముకంటె ఇతర పదార్థములతో కూడి పొడియైన సీసము మనకు ఎక్కువ చేరువ. సీసమును గాలి తగులునట్లు కాల్చగా ప్రాణవాయువుతో కలిసి నారింజవన్నె పొడియగును. అదియే సిందూరము. సీసము క్రోమియముతోను ప్రాణవాయువుతోను కూడినచో మెఱయుచుండు పచ్చని పొడి యేర్పడును. దానిని సీసపు క్రోమేటు అందురు. గంధకముతో కూడినది నల్లని సుర్మారాయి. తెల్లని సఫేదా యను రంగుపొడియు పూర్వము సీసముతోనే చేయబడుచుండెను. చూచితిరా! పచ్చన, ఎఱుపు, నలుపు, తెలుపు, మన అలంకారములకు కావలసిన వన్నెలన్నియు ఈ యొక్క లోహమే యిచ్చుచున్నది. పైగా దీని లవణములలో కొన్నింటికి తియ్యని రుచి గూడ కలదు. రోమకులు ద్రాక్షరసమును సీసపు పాత్రలలో కాచి, ఆ తీపిని ద్రాక్షసారాయములో కలుపుకొని త్రాగుచుండిరట.

దేహములో ఇది చేయు పని

మన దేహమునకు సున్నపు ధాతువు, అనగా కాల్షియము, కావలయును. ఎముకలకు, నరములకు, మెదడునకు అదియే ఆధారము. సీసము ఆ కాల్షియము వేషము వేసికొని లోనికి వచ్చును. దేహము మోసపోయి దీనిని ఎముకలలోను దంతములలోను దాచుకొనును. నెత్తురులోని సీసము కొన్ని వారములలో తగ్గినను, ఎముకలలో చేరినది ఏండ్ల తరబడి నిలిచియుండును. స్త్రీ గర్భవతియైనప్పుడు ఆ యెముకలనుండి కాల్షియముతోపాటు సీసమును కరగి నెత్తురులోనికి వచ్చి, కడుపులోని శిశువును చేరును. తల్లి తన బాల్యములో తెలియక తిన్న విషము ఆమె బిడ్డకు దాయభాగముగా వచ్చుచున్నదన్నమాట.

నెత్తురునకు ఎఱుపునిచ్చు పదార్థము తయారగుటకు సీసము అడ్డుపడును. అందుచేత పాండురోగము కలుగును. పెద్దలకు రక్తపు పోటు హెచ్చును; మూత్రపిండములు చెడును; గర్భస్రావములు కలుగవచ్చును. కడుపునొప్పి, మలబద్ధము, తలనొప్పి, చిఱాకు, చేతులలో బలహీనత పుట్టును. సీసము మిక్కుటముగా చేరినవారి చిగుళ్ల అంచున నీలపుగీత కనబడుటయు కలదు.

పిల్లల సంగతి యింకను దారుణము. కడుపులోనికి పోయిన సీసములో పెద్దల దేహము పట్టుకొనుదానికి నాలుగైదు రెట్లు పిల్లల దేహము పట్టుకొనును. వారి మెదడు అప్పుడప్పుడే పెరుగుచుండును గనుక ఆ చెఱుపు తిరిగి సరికాదు. సీసము కొలది కొలదిగా చేరిన బిడ్డ జ్వరపడి మంచము పట్టడు. తినును, ఆడును, తిరుగును. అయితే వినిన పాఠము నిలువదు, ఒకచోట కుదురుగా కూర్చుండలేడు, ఊరక కోపగించుకొనును. పిల్లవానికి చదువు రాలేదని తల్లిదండ్రులు విచారింతురు. బడిలో మొద్దని పేరు పెట్టుదురు. ఒక్కొక్కచోట బెత్తమును తగులును. చదువు రాని పిల్లలందఱకును సీసమే కారణమని నేననను. చూపు మందగించుట, చెవి సరిగా వినబడకుండుట, రక్తహీనత, ఆకలి, భయము, ఇట్టి హేతువులనేకము గలవు. ఇదియు వానిలో నొకటి. ఉపాధ్యాయుని ఇంట కాపురము చేయుదానను గనుక ఈ మాటను నొక్కి చెప్పుచున్నాను: బిడ్డను దండించుటకు ముందు వాని నెత్తురును పరీక్షింపజేయుట న్యాయము.

ఇంత సీసమైనచో హాని లేదని చెప్పదగిన మేర యేదియు తెలియరాలేదని ప్రపంచారోగ్యసంస్థ వారు చెప్పుచున్నారు. 100 మిల్లీలీటర్ల రక్తములో 5 మైక్రోగ్రాములు గాని అంతకు మించి గాని సీసమున్నచో అది యెక్కడినుండి వచ్చినదో వెదకి ఆపవలయునని 2021లో వారు విధించిరి. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు. లోకములోని పిల్లలలో ఇంచుమించు ముగ్గురిలో నొకరికి, అనగా 80 కోట్లమంది వఱకు, నెత్తురులో ఇంత సీసమున్నదని 2020లో యూనిసెఫ్ సంస్థ ప్రకటించెను. వారిలో 27 కోట్లకు పైబడినవారు మన దేశపు బిడ్డలే.

2020 డిసెంబరు 5వ తేది మొదలుకొని మన ఏలూరులో వందలకొలది జనులు హఠాత్తుగా మూర్ఛలు వచ్చి పడిపోయిన సంగతి పాఠకురాండ్రు మఱచియుండరు. ఢిల్లీలోని ఎయిమ్సు వైద్యశాలవారు కొందఱి రక్తమును పరీక్షించి అందులో సీసము, నికెలు ఉన్నవని చెప్పిరి. పురుగుమందులమీదను అనుమానము కలిగెను. ఆనాడు సీసము పేరు ఇంటింట వినబడినది, కొన్నాళ్లకు మఱుగున పడినది. సీసము సాధారణముగా అట్లు ఒక్కసారిగా గంట కొట్టి వచ్చునది కాదు. చెదపురుగువలె చప్పుడు లేక పని చేయును. కావున గొప్ప విపత్తు వచ్చినప్పుడు మాత్రమే దీనిని తలచుకొనుట చాలదు.

ఇక ఇది మన యిండ్లలోనికి వచ్చు త్రోవలను ఒక్కొక్కటిగా చూతము.

పసుపు

మా నర్సీపట్నము మన్యమునకు వాకిలివంటిది. చింతపల్లి, పాడేరు ప్రాంతములలో పండిన పసుపు మాకు సుపరిచితము. ఉడికించి, ఎండబెట్టి, మెఱుగుపెట్టిన పసుపుకొమ్ము సహజముగా కొంచెము మాసిన వన్నెతో నుండును. బజారులో మాత్రము నిగనిగలాడు కొమ్మునకే వెల హెచ్చు. ఈ నిగారింపునకై కొన్నిచోట్ల వర్తకులు సీసపు క్రోమేటును పసుపునకు పట్టించుదురు. తప్పు వారిదే యైనను, మెఱయుచుండుదానినే యేరి తెచ్చుకొను మన అలవాటు వారికి ఊతయగుచున్నది.

బంగ్లాదేశములో జరిగిన సంగతి మనకు గుణపాఠము. అచట 1980 ప్రాంతపు వఱదలలో తడిసి నల్లబడిన పసుపునకు వన్నె తెచ్చుటకై ఈ పొడి వాడుక మొదలైనది. నానాటికి అదియే ఆచారమైపోయినది. గర్భిణీస్త్రీల రక్తములో సీసమెక్కడినుండి వచ్చుచున్నదని వెదకిన శాస్త్రజ్ఞులకు తుదకు వంటింటి పసుపుడబ్బ దొరకినది. 2019లో ఆ ఫలితములు వెల్లడి కాగానే ప్రభుత్వమువారు అంగళ్లు తనిఖీ చేసి, దోషులకు జరిమానాలు విధించి, ఊరూర ప్రకటనలు అంటించిరి. 2019లో పరీక్షించిన పసుపులో 47 శాతము నమూనాలలో సీసము కనబడగా, 2021 నాటికి ఒక్కదానిలోను కనబడలేదు. రెండేండ్లలో ఒక దేశము ఈ పని చేయగలిగినది. మన దేశపు చట్టము ప్రకారము గూడ పసుపులో సీసపు క్రోమేటు బొత్తిగా ఉండరాదు.

ఇంట చేయదగిన పరీక్ష యొకటి కలదు. గాజుగ్లాసెడు నీటిలో పసుపుకొమ్మును వేసి, కదలింపక చూడుడు. మంచి కొమ్ము వెంటనే రంగు వీడదు. పైపూత పూసినదైనచో చిక్కని పచ్చరంగు అప్పటికప్పుడే నీటిలోనికి దిగును. ఇది స్థూలమైన పరీక్షయే. ఇందులో నెగ్గినంతమాత్రమున పసుపు నిర్దోషమని తేలదు. పొడికంటె కొమ్ములు కొని, కడిగి ఎండబెట్టి, మర పట్టించుకొనుట మేలు. పొడియే కొనవలసినచో ఆగ్‌మార్కు ముద్ర గలదానిని కొనుడు. బాలింతకు పెట్టు పసుపు విషయములో ఈ జాగ్రత్త రెండింతలు కావలయును.

కుంకుమ, సిందూరము, కాటుక

మన పూర్వపు కుంకుమకు మూలము పసుపే. పసుపుకొమ్ములను నిమ్మరసములో నానవేసి, వెలిగారమో పటికయో చేర్చి, నీడపట్టున ఆరబెట్టి దంచినచో పసుపే ఎఱ్ఱబడి కుంకుమయగును. అది నుదుటికి పెట్టుకొనుటకే గాని తినుటకు కాదు. అందులో సీసము మాత్రము లేదు. సిందూరము వేఱు. సాంప్రదాయికమైన నారింజవన్నె సిందూరము సీసముతో చేసినదని పైన చెప్పియుంటిని. పేరు కుంకుమ యని యున్నను, సిందూరమని యున్నను, బజారు పొట్లములో ఏమి కలిసినదో కంటితో తెలియదు. 2017లో అమెరికాలోని రట్గర్సు విశ్వవిద్యాలయమువారు అచ్చటను మన దేశములోను కొన్న 118 సిందూరపు నమూనాలను పరీక్షింపగా, ఇంచుమించు అయిదింట నాలుగింటిలో ఎంతో కొంత సీసము బయటపడినది.

ఈ విషయములో ఆచారమునకు హాని లేకయే జాగ్రత్త పడవచ్చును. వీలైనవారు ఇంటనే కుంకుమ చేసికొందురు గాక. వీలు లేనివారు పసుపుతో చేసినదని నమ్మదగినచోట కొనవలయును. మిక్కిలి బరువుగా, నారింజవన్నెతో నుండు పొడిని అనుమానింపుడు. ఆంజనేయస్వామి సిందూరమును చిటికెడు నుదుట ధరించినచో వెంటనే వ్రేళ్లు కడుగుకొని గాని అన్నము కలుపకుడు, బిడ్డకు ముద్ద పెట్టకుడు. చంటిబిడ్డ నుదుట దిద్దినది కన్నీటితోను చెమటతోను నోటిలోనికి జారును. వారికి అది వలదు. కుంకుమభరిణె పసివాండ్రకు అందనిచోట నుంచుడు.

కాటుక మాటయు నిట్టిదే. ఆముదపు దీపపు మసిని వెన్నతో మర్దించి చేసికొను కాటుకలో సీసము లేదు. సుర్మారాయి నూఱి చేసిన సుర్మాలో మాత్రము సీసమే ప్రధానముగా నుండవచ్చును. దానిని కండ్లకు పెట్టుకొని బిడ్డ కండ్లు నులుముకొనును, ఆ చేతిని నోట పెట్టుకొనును. పసిబిడ్డల కండ్లకు కాటుకయే అవసరము లేదని నేటి వైద్యులు చెప్పుచున్నారు. దృష్టిచుక్క పెట్టక మనసొప్పనిచో అరికాలికి పెట్టుడు.

ఇచ్చటనే మందుల మాటయు చెప్పవలయును. ధాతువులతో చేసిన భస్మములను, గుళికలను అర్హుడైన వైద్యుని పర్యవేక్షణ లేక సేవింపరాదు. సంతానము కొఱకని, బలము కొఱకని ఊరు పేరు లేనివారు అమ్ము పొడులు మఱింత భయంకరములు. న్యూయార్కు నగరములో ఇట్టి గుళికలు మ్రింగిన ఆరుగురు గర్భిణులకు సీసము సోకినట్లు 2012లో అచటి ప్రభుత్వారోగ్యశాఖవారు ప్రకటించిరి.

వంటపాత్రలు

ఇత్తడిపాత్రకు కళాయి పూయించుట మన ప్రాచీనాచారము. ఆ పూత శుద్ధమైన తగరముతో కావలయును. తగరమునకు వెల హెచ్చు, సీసమునకు తక్కువ. అందుచేత రెండింటిని కలిపి పూసినచో చూచుటకు భేదము తెలియదు. అట్టి గిన్నెలో చింతపండు చారు కాచినచో పులుపు సీసమును కరగించి చారులో కలుపును. చారు రుచికై వాడు సత్తుచెంబు కొనునప్పుడును ఇదే జాగ్రత్త. శుద్ధమైన తగరపు చెంబునకు ధర యెక్కువయే. చౌకగా వచ్చినచో సందేహింపుడు. చిల్లి పడిన పాత్రకు మాటు వేయు లోహములోను తఱచుగా సీసముండును. కావున మాటు వేసిన పాత్రను నీళ్లకు, స్నానమునకు వాడుకొనుడు గాని వంటకు వలదు.

అల్యూమినియపు పాత్రలు నిర్దోషములనుకొనుటకు వీలు లేదు. పాతసామాను కరగించి పోతపోసినవానిలో సీసము కలియుట కలదు. మన దేశమునుండి పోయిన కొన్ని ఇండాలియపు పాత్రలనుండి ఆహారములోనికి సీసము దిగుచున్నదని 2025లో అమెరికా ఆహారౌషధశాఖవారు హెచ్చరించిరి. పులుసు, పచ్చడి, మజ్జిగ, ఇట్టి పుల్లని పదార్థములను రాతిచిప్పలోనో, మంచి ఉక్కుపాత్రలోనో, గాజుజాడీలోనో ఉంచుట అన్నివిధముల శ్రేయము. అచ్చుకాగితములలో బజ్జీలు, గారెలు చుట్టి యిచ్చుటయు మంచిది కాదు. అచ్చుసిరాలో సీసము మొదలగునవి యుండవచ్చునని ఆహారభద్రతాశాఖవారు పలుమాఱులు హెచ్చరించియున్నారు.

ఈ సందర్భమున ఒక భయమును తీర్చెదను. పిల్లలు వ్రాయు సీసపు పెన్సిలులో సీసము లేదు. అది గ్రాఫైటు అను ఒక విధమైన బొగ్గు. అయినను పెన్సిలుపై రంగు నెట్టిదో తెలియదు గనుక కొఱుకు అలవాటు మాన్పుటయే మంచిది.

గోడలు, తలుపులు, భోగిమంట

ఇండ్లకు వేయు రంగులలో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకంటె సీసము మించరాదని మన ప్రభుత్వము 2016లో నియమము చేసి, 2017 నవంబరు 1వ తేదినుండి అమలుపఱచినది. అంతకు పూర్వపు రంగులు పాత తలుపులపైన, కిటికీలపైన, ఊయలలపైన పొరలుపొరలుగా నిలిచియున్నవి. అవి అతుక్కొని యున్నంతకాలము బాధ లేదు. పెచ్చులూడి రాలినప్పుడును, పండుగకు ముందు ఉప్పుకాగితముతో రుద్దినప్పుడును సీసము ధూళియై ఇల్లంతయు నిండును. కావున పాత రంగును పొడిగా గీకనీయకుడు. తడిపి గీకింపుడు. ఆ పని జరుగు గదిలోనికి గర్భిణులను, పిల్లలను రానీయకుడు. రాలినదానిని చీపురుతో చిమ్మక తడిగుడ్డతో నొత్తి తీసి, గోనెలో మూటకట్టి పాఱవేయింపుడు.

భోగినాడు పాతకొయ్యసామానును మంటలో వేయుట మన వేడుక. పిడకలు, ఎండుకట్టెలు వేసికొనుడు, సంతోషమే. పాత రంగు పూసిన తలుపురెక్కలు, కుర్చీలు, బొమ్మలు మాత్రము వేయవలదు. కట్టె కాలిపోవును గాని సీసము కాలిపోదు. కొంత పొగలో కలిసి చలి కాచుకొను పిల్లల ఊపిరితిత్తులలో చేరును. తక్కినది బూడిదలో నిలుచును. ఆ బూడిదతో అంట్లు తోముదుము, ఆ బూడిదనే కూరపాదులకు చల్లుదుము. ఒక్క మంటతో గాలి, గిన్నె, కూర మూడును చెడును.

బొమ్మలు: ఏటికొప్పాక చూపిన త్రోవ

పిల్లవాని చేతికిచ్చినది నోటిలోనికి పోవును. ఇది సృష్టిధర్మము. కావున బొమ్మమీది రంగు తినదగినంత నిర్దోషముగా నుండవలయును. ఈ విషయములో మా ప్రాంతము గర్వింపదగిన సంగతి యొకటి కలదు. మా అనకాపల్లి జిల్లాలోనే వరాహనది యొడ్డున ఏటికొప్పాక యను గ్రామమున్నది. అచటి పనివారు మెత్తని అంకుడుకఱ్ఱను తరిమెనపై త్రిప్పుచు, రంగు కలిపిన లక్కకడ్డిని దానికి ఒత్తిపట్టుదురు. ఒరపిడి వేడికి లక్క కరగి కఱ్ఱకు పట్టుకొనును. గిలకలు, బొంగరములు, భరిణెలు, లక్కపిడతలు అట్లు తయారగును.

నడుమ కొంతకాలము సుళువని, చౌకయని ఈ పనిలోనికి రసాయనపు రంగులు ప్రవేశించినవి. ఆ గ్రామవాసియగు శ్రీ చింతలపాటి వెంకటపతిరాజుగారు పూనుకొని, చెట్ల గింజలనుండి, బెరళ్లనుండి, వేళ్లనుండి, ఆకులనుండి రంగులు తీయు విధానమును పునరుద్ధరించి పనివారికి అలవాటు చేసిరి. పసుపునుండి పచ్చన, జాఫ్రాగింజలనుండి నారింజ, నీలిమొక్కనుండి నీలము, ఇట్లు తోటలోని వన్నెలే మరల లక్కలోనికి వచ్చినవి. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళికగుర్తింపు లభించెను. 2023లో రాజుగారికి పద్మశ్రీ బిరుదము వచ్చెను. 2025 గణతంత్రదినమున ఢిల్లీ కర్తవ్యపథములో మన రాష్ట్రపు శకటము ఈ బొమ్మలతోనే ఊరేగినది.

ఇందు మనకొక నీతి గలదు. విషము లేనిచో అందము లేదనుట అబద్ధమని ఈ పల్లెవారు ఋజువుచేసిరి. కర్మాగారములో చేసిన బొమ్మలకు 2021 జనవరి 1వ తేదినుండి ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండి తీరవలయునని మన ప్రభుత్వపు శాసనము. ముద్ర లేనిది, రంగు వేళ్లకంటునది, పెచ్చులూడునది ఎంత చౌకయైనను బిడ్డకు కొనిపెట్టకుడు. బొమ్మలకొలువులోని పాత బొమ్మలను కంటితో చూపుడు, చేతికీయకుడు.

ధూళి, చేతులు, బట్టలు

ఈ త్రోవలన్నింటికిని నడుమ నున్నది ధూళి. సీసము ముద్దగా నోట పడుట అరుదు. పొడియై వ్రేళ్లకంటి నోటికి పోవుటయే తఱచు. 2010లో నైజీరియాదేశపు జంఫరా మండలములో బంగారపు రాళ్లను ఇండ్ల వాకిళ్లలో దంచి పిండిచేయగా, ఆ రాళ్లలోని సీసపు ధూళివలన 400 మందికి పైగా పసిపిల్లలు మరణించిరి. ఆ తల్లులు బిడ్డలకు విషము పెట్టలేదు. ఇంటి నేల విషమైనది, అంతే.

మన యిండ్లలోను కొందఱు మగవారు బ్యాటరీలు బాగుచేయుట, రంగులు వేయుట, లోహములు అతుకుట, పాతసామాను కరగించుట మొదలగు పనులు చేయుచున్నారు. సముద్రతీరమున వలలకు కట్టు సీసపు గుండ్లను ఇంటిపొయ్యిమీద కరగించి పోయు అలవాటు గలచో అది వెంటనే మానవలయును. సీసమును కరగించిన మూకుడు మరల వంటకు పనికిరాదు, ఎంత తోమినను సరే. పనినుండి వచ్చినవారు బిడ్డ నెత్తుకొనకముందే బట్టలు మార్చుకొని స్నానము చేయవలయును. ఆ బట్టలను వేఱుగా నుంచి, దులుపక, నీటిలో ముంచి, ఇతరుల బట్టలతో కలుపక ఉతుకవలయును. పని చెప్పులు గడప బయటనే విడువవలయును. పాత బ్యాటరీని ఇంట పగులగొట్టనీయక అమ్మిన అంగడికే తిరిగి యిచ్చివేయుడు.

అన్నమునకు ముందు కాళ్లు చేతులు కడుగుకొనుమని మన పెద్దలు చెప్పిన ఆచారము ఈ విషమునకు మొదటి విరుగుడు. గదులను పొడిచీపురుతో చిమ్మి వదలక తడిగుడ్డతో తుడుచుట రెండవది.

ఆహారము, వైద్యము

కడుపు ఖాళీగా నున్న బిడ్డ సీసమును ఎక్కువ పట్టుకొనును. ఇనుము, కాల్షియము తక్కువైన దేహములోనికి సీసము సుళువుగా చొచ్చును. కావున వేళకు అన్నము పెట్టుటయే ఒక రక్షణ. చోడి అంబలి, పాలు, పెరుగు, నువ్వులు కాల్షియము నిచ్చును. తోటకూర, మునగాకు, పప్పులు ఇనుము నిచ్చును. ఉసిరిక, జామ, నిమ్మ ఆ యినుమును దేహమునకు పట్టించును. ఇవి విషమును కడిగివేయు మందులు కావు; క్రొత్తగా చేరు దానిని తగ్గించు సాధనములు మాత్రమే.

బిడ్డ మట్టి, సున్నపు పెచ్చులు తినుచున్నను, కారణము తెలియని కడుపునొప్పి, పాలిపోవుట, మాటలు ఆలస్యమగుట, చదువులో వెనుకబడుట కనబడినను వైద్యుని కడకు గొనిపోయి, "రక్తములో సీసమెంత యున్నదో పరీక్షింపవచ్చునా?" అని అడుగుడు. అడుగుటకు సిగ్గుపడనక్కఱలేదు. ఇంటిలో సీసపు పని చేయువారున్నచో ఆ మాటయు దాచకుడు. గర్భిణులును అట్లే చెప్పవలయును. సీసము మితిమీరియున్నచో దానిని పట్టి మూత్రముద్వారా వెడలించు మందులు గలవు. అవి ఆసుపత్రిలో వైద్యుని యెదుట వాడవలసినవే గాని ఇంట వాడదగినవి కావు. ఏ మందు వాడినను, విషము వచ్చు త్రోవ మూయనిచో ఫలములేదు. ఆ త్రోవను కనుగొనగలది వైద్యునికంటె ఇల్లాలే. పసుపు ఎచ్చట కొన్నది, ఏ గిన్నెలో చారు కాచినది, బిడ్డ ఏ కిటికీ కడ్డీని నాకుచున్నది ఆమెకే తెలియును.

మన దేశములో పెట్రోలులో సీసము కలుపుట 2000 సంవత్సరములో మానిరి. లోకములో చివరకు మిగిలిన ఆల్జీరియా దేశము 2021లో మానినది. ఇంత పెద్ద త్రోవను ప్రభుత్వములు మూయగలిగినవి. వంటింటి త్రోవలు చిన్నవి. వానిని మనమే మూయవలయును. ఈసారి సంతకు పోయినప్పుడు నిగనిగలాడు పసుపును విడిచి మాసిన వన్నె కొమ్మును కోరుడు. అంగడివాడు ఆశ్చర్యపడినచో కారణము చెప్పుడు. పదిమంది ఇల్లాండ్రు కోరినచో వాడు మెఱుగుపొడి కొనుట మానును. మన బిడ్డల తెలివియే మన కలిమి. దానిని ఒక రంగుపొడికి తాకట్టు పెట్టనవసరము లేదు.